నరహరి వకీలు నేర్పిన కవాతు

సూర్యాపేట కోర్టులో నరహరి వకీలు జడ్జి ముందు కూడా మడమలు కలిపే నిలబడతాడు. బర్మా యుద్ధం నుంచి తెచ్చుకున్న అలవాటది. ఎంత ఉక్కపోసినా నల్లకోటు గుండీ విప్పడు. ఎన్నికలంటూ వస్తే శాసనసభకు ఆయనే పోతాడని మిర్యాలగూడ దాకా చెప్పుకుంటారు. రజాకార్లు ఊళ్ల మీద పడ్డ రోజుల్లో గరిడేపల్లి యువకుల చేతికి కర్రలిచ్చి కవాతు నేర్పింది ఆయనే.

రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. అడవిలోని కమ్యూనిస్టు దళాల కోసం ఊళ్లు గాలిస్తూ గరిడేపల్లి కాటమ్మ కొడుకు పర్వతాలును పట్టుకుపోయింది. విడిపించడానికి కాటమ్మను వెంటబెట్టుకుని వకీలు క్యాంపుకు వెళ్లాడు. "వీడికి నాగలి తప్ప ఏదీ తెలియదు సార్" అని ఆయన వాదిస్తుండగానే ఆఫీసరు "అటెన్షన్!" అని అరిచాడు. పర్వతాలు మడమలు టక్కున కలిశాయి, చేతులు తొడలకు అంటుకున్నాయి. "దళం వాడే" అంటూ ఆఫీసరు ఖైదీల లారీ చూపించాడు. నేర్పింది నేనేనంటే తనూ ఆ లారీ ఎక్కాలి. వకీలు లారీ మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఆయన అరిస్తె నా కొడుకు గట్ల బిర్రుగ నిలబడ్డడేంది, వకీలు సాబ్?" అంటూ కాటమ్మ ఆయన కాళ్ల మీద పడింది. ఆ అరుపుకు కలిసిన వకీలు మడమలు ఇంకా విడిపోలేదు.