పెదవులు చూసి రాసిన పిల్ల

2023 చివరి మాట. వరంగల్‌లో ఎమ్మే లింగ్విస్టిక్స్ పిల్లలకు నేను ఫొనెటిక్స్ చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఫొనెటిక్స్ అంటే మనిషి నోట్లోంచి వచ్చే ధ్వనుల గురించిన చదువు. నాలుక ఎక్కడ తగిలింది, పెదవులు ఎలా మూసుకున్నాయి, గాలి ముక్కులోంచి పోయిందా నోట్లోంచి పోయిందా అని చూడటమే అందులో పని. "గింత దానికి రెండేండ్ల చదువా?" అని హన్మకొండలో కిరాణా దుకాణం నడిపే మా అన్నయ్య ఇప్పటికీ నవ్వుతాడు. దుకాణానికి వచ్చినవాళ్లు రెండు మాటలు మాట్లాడగానే ఆయన వాళ్లది నర్సంపేట వైపో, జనగామ వైపో చెప్పేస్తాడు. అదీ ఫొనెటిక్సే అంటే మాత్రం నమ్మడు.

మా కోర్సుకు కోరి వచ్చేవాళ్లు తక్కువ. కోరుకున్న సీటు రాక కొందరు, హాస్టల్ దొరుకుతుందని కొందరు వస్తారు. మొదటి నెలంతా అందరిదీ ఒకటే పాట. "మేడం, నోట్స్ చెప్పుండ్రి, రాసుకుంటం." నోట్స్ రాసుకుని, బట్టీ పట్టి, పరీక్షలో దించేసే విద్య డిగ్రీ దాకా అక్కరకొచ్చింది కాబట్టి వాళ్లను అనడానికి లేదు. కానీ ఇయర్ ట్రైనింగ్ దగ్గర ఆ విద్య చెల్లదు. ఇయర్ ట్రైనింగ్ అంటే చెవికి సాధన. ఏ భాషలోనూ లేని, అర్థం లేని మాటలు నేను పలుకుతాను. విన్నది విన్నట్టు వాళ్లు ధ్వని గుర్తుల్లో రాయాలి. ఆ రాతనే ట్రాన్‌స్క్రిప్షన్ అంటాం. అర్థమే లేని మాటను ఎవరు బట్టీ పడతారు? అందుకే ఏటా మొదటి టెస్టు కాగానే ఒకరిద్దరు ఏడుస్తారు, ఒకరిద్దరు బీఈడీకి వెళ్లిపోతారు. పోయేవాళ్లను నేను ఆపేదాన్ని కాదు. చెవి లేనివాళ్లకు ఈ చదువెందుకని పైకే అనేదాన్ని. నాకు ముక్కు మీద కోపం అని మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఆ మాటలు పలికేటప్పుడు నోటికి కాగితం అడ్డం పెట్టుకుంటాం. పెదవులు చూసి రాసేస్తే ఇక చెవికి సాధన ఏముంటుందని. నాకు చదువు చెప్పినవాళ్లు అలాగే చేశారు, నేనూ అలాగే చేశాను. ఎందుకని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ బ్యాచ్‌లో పదకొండు మంది. అందులో మౌనిక నెక్కొండ దగ్గరి పల్లె నుంచి రోజూ రైల్లో వచ్చేది. తండ్రి లేడు. తల్లి పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో కూలి. మౌనిక ఎప్పుడూ మొదటి బెంచీలో ఎడమ చివరే కూర్చునేది. నోట్లో నాలుక లేని పిల్ల. కానీ పాఠం చెబుతుంటే నా మొహంలోకి రెప్ప వేయకుండా చూసేది. ఆ చూపు నాకు నచ్చేది కాదు, పొగరనుకున్నాను.

మొదటి టెస్టులో ఇరవై మాటలకు మూడు సరిగ్గా రాసింది. రెండో టెస్టులో నాలుగు. పేపర్లు తిరిగి ఇస్తూ, "రాత్రంతా మేలుకొని క్లాసులో నిద్ర పోతున్నావా, లేక కళ్లు తెరుచుకునే నిద్ర పోతున్నావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తల వంచుకుని పేపర్లు చూస్తూ నేనన్నది ఆమెకు అందనేలేదని, అందరూ నవ్వుతున్నారు కాబట్టి తనూ నవ్విందని తర్వాత తెలిసింది. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అదే సెమిస్టర్‌లో ఫీల్డ్ మెథడ్స్ అని ఇంకో పేపరు ఉంది. ఊళ్లోకి వెళ్లి ఒక మనిషి మాట రికార్డు చేసి, దాన్ని ట్రాన్‌స్క్రిప్షన్ చేసి తేవాలి. మౌనిక తల్లితో పాటు మిల్లులో పనిచేసే లచ్చమ్మ అనే పెద్దామె మాటలు రికార్డు చేసింది. మౌనిక నోట్‌బుక్ దిద్దడానికి కూర్చున్న నేను రెండో పేజీలోనే ఎర్ర పెన్ను పక్కన పెట్టాను. అంత మంచి ట్రాన్‌స్క్రిప్షన్ ఇన్నేళ్లలో నా చేతికి రాలేదు. లచ్చమ్మ ఎక్కడ పెదవులు గుండ్రంగా చుట్టిందో, ఎక్కడ మాట సగంలో మింగిందో అన్నీ ఉన్నాయి. రికార్డింగు పెట్టుకుని వింటే అన్నీ సరిపోయాయి. ఇరవైకి నాలుగు తెచ్చుకున్న పిల్ల ఇది రాసిందంటే నేనెలా నమ్మను? ఎవరో సీనియర్ రాసిచ్చాడని తేల్చేసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నేను పిలవకముందే ఆమె నా గదికి వచ్చింది. చేతిలో టీసీ కోసం రాసిన అర్జీ ఉంది.

"ఇగో మేడం, సంతకం పెట్టుండ్రి."

"ఎందుకు?"

"రెండు సార్లు ఫెయిలైన. ప్రాక్టికల్ గూడ పోతే ఏడాది పోతది. ఇప్పుడే మానేసి బీఈడీకి తయారుగమ్మని మా అన్న అంటాండు."

దొంగతనం బయటపడుతుందని పారిపోతోంది అనుకున్నాను. నోట్‌బుక్ ఆమె ముందు పడేశాను. "పో. కానీ పోయేముందు చెప్పి పో. ఇది ఎవరు రాసిచ్చిండ్రు?"

అప్పటిదాకా ఆమె గొంతు నేను పెద్దగా వినలేదు. ఆ రోజు విన్నాను. "ఎవ్వరు రాసియ్యలే. నేనే రాసిన. మూడు ఆదివారాలు లచ్చమ్మవ్వ ముంగట కూసొని రాసిన. ఫెయిల్ అనుండ్రి మేడం, ఊకుంట. దొంగ అంటే ఊకోను."

"అయితే ఇప్పుడు రాయి" అని ఒక కాగితం తోశాను. నా చేతిలో టీ గ్లాసు ఉంది. గ్లాసు పట్టుకునే ఐదు అర్థం లేని మాటలు పలికాను. ఐదూ సరిగ్గా రాసింది. నా కళ్లను నేనే నమ్మలేదు. ఎక్కడో మోసం ఉందనుకుని ఈసారి పద్ధతి ప్రకారం ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకో ఐదు మొదలుపెట్టాను. రెండో మాటకే ఆమె పెన్ను ఆగిపోయింది.

"మేడం, జర ఆ ఫైలు దించుండ్రి" అంది మెల్లగా. "గది అడ్డం ఉంటే నాకు తెల్వది."

అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు ఎడమ చెవిలో చీము కారేదట. పసరు పోశారు, నూనె పోశారు, చివరికి ఆ చెవి పోయింది. కుడి చెవి పర్వాలేదు కానీ ఎదుటి మనిషి మొహం చూడకుండా వింటే మాటలు కలిసిపోతాయి. నా మొహంలోకి ఆమె ఎందుకలా చూసేదో అప్పుడు అర్థమైంది. సంతకం పెట్టడానికి తీసిన పెన్ను మూసేశాను. ఎక్కువ మాట్లాడితే ఏడుపు వస్తుందని, "రేపు క్లాసుకు రా" అని మాత్రం అన్నాను.

"పెదవులు చూసి రాయడం ఎవరు నేర్పిండ్రు?" అని మరో రోజు అడిగితే, "ఎవరు నేర్పుతరు మేడం, చిన్నప్పటిసంది అమ్మెంబడి మిల్లుకు పోత, ఆడ అందరికి వస్తది" అంది. నాకు నమ్మకం కలగలేదు. ఆ ఆదివారం ఆమెతో మిల్లుకు వెళ్లాను. పత్తి సీజన్ కావడంతో మిషన్లన్నీ నడుస్తున్నాయి. లోపల అడుగుపెట్టగానే నా మాట నాకే వినపడలేదు. గాలంతా నూగు. ముక్కుకు, తలకు గుడ్డ చుట్టుకున్న ఆడవాళ్లు మిషన్లలోకి పత్తి తోస్తున్నారు. మమ్మల్ని చూడగానే ఆ చివర ఉన్న ఒకామె మొహం మీద గుడ్డ కిందికి లాగి పెదవులు కదిపింది. మౌనిక నా పక్క నుంచే పెదవులు కదిపి జవాబిచ్చింది. వెంటనే ఇంకో ఇద్దరు గుడ్డలు దించారు, నలుగురూ నవ్వారు. అక్కడ మాట్లాడాలంటే మొహం మీది గుడ్డ దించాలి, అదే వాళ్ల పద్ధతి. పొద్దంతా కష్టసుఖాలు, ఎగతాళి, పోట్లాటలు అన్నీ ఆ చప్పుడులో అలాగే నడుస్తాయట.

బయటికి వచ్చాక, "ఏమంటున్నారు నా గురించి?" అన్నాను.

మౌనిక నసిగింది. "ఏం లేదు మేడం. మా అమ్మ, మేడం తిన్నదా అని అడిగింది."

"మరి ఆ నవ్వెందుకు?"

"గంత పెద్ద సదువు సదివినామె గింత బక్కగ ఉన్నదేందని లచ్చమ్మవ్వ అన్నది."

ఇరవై రెండేళ్లు ధ్వనుల గురించి పాఠం చెప్పిన నాకు అక్కడ ఒక్క ముక్క అందలేదు. ఆ మిల్లులో చెవి లేనిదాన్ని నేనే.

దవాఖానాలో మౌనిక చెవి చూపిస్తే కర్ణభేరికి చిల్లు ఉందని, పరీక్షలయ్యాక ఆపరేషన్ చేయొచ్చని డాక్టర్ చెప్పాడు. నాకు ఉత్సాహం ఆగలేదు. వెంటనే మా హెడ్ దగ్గరికి వెళ్లి, ఎవరని చెప్పకుండా సంగతి అడిగాను. "చెవి వినపడదని డాక్టర్ సర్టిఫికెట్ తెస్తే వేరే పద్ధతిలో పరీక్ష పెట్టొచ్చు. లేకుంటే ఎక్స్‌టర్నల్ ఇష్టం" అన్నాడాయన. ఎక్స్‌టర్నల్ అంటే ప్రాక్టికల్ పెట్టడానికి బయటి యూనివర్సిటీ నుంచి వచ్చే పరీక్షకుడు. ఇంకేం, పనైపోయింది అనుకుని మౌనికకు చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది.

"సర్టిఫికెట్ వద్దు మేడం."

"పిచ్చిదానా, అది లేకుంటే మళ్లీ ఫెయిలైతవు."

"బళ్లె నన్ను పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు మేడం. చెవిటిదానా అనే పిలిచెటోళ్లు. సార్లు గూడ. ఇక్కడ ఎవ్వరికి తెల్వది. అందరు మౌనికా అనే పిలుస్తరు. గందుకే నాకు ఈ క్లాసంటే ఇష్టం." పుస్తకాలు సంచిలో సర్దుకుంటూ అంది. "చెప్తే నేనే చెప్త. లేకుంటే ఇంటికి పోత. మీరైతే చెప్పకుండ్రి."

నేను అరిచాను, బతిమాలాను, చివరికి మాట ఇచ్చాను. మా ఆయన వండిన కూర కూడా ఆ వారం రోజులూ నాకు రుచించలేదు.

ప్రాక్టికల్ రోజు వచ్చిన పెద్దాయన పద్ధతులకు ప్రాణమిచ్చే మనిషి. అటెండెన్స్ షీటు తీసి నోటికి అడ్డం పెట్టుకుని మొదటి మాట పలికాడు. పదిమంది రాశారు. మౌనిక రాయలేదు. రెండో మాట. అప్పుడూ రాయలేదు. వెనక కుర్చీలో నేను ముళ్ల మీద కూర్చున్నట్టు ఉన్నాను. ఇచ్చిన మాట గాలికొదిలి లేచి చెప్పేద్దామా అని రెండుసార్లు అనుకున్నాను. ఆయన మూడో మాటకు నోరు తెరిచేలోపు మౌనిక పెన్ను కింద పెట్టి లేచి నిలబడింది.

"సార్, నాకు ఎడమ చెవి ఇనపడది. మీ మొకం చూసుకుంట ఇంటేనే తెలుస్తది. ఆ కాయితం దించుతరా?"

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "పెదవులు చూసి రాస్తే చెవికి పరీక్ష ఎలా అవుతుందమ్మా?"

"రేపు ఊర్లల్లకు పోయి మాటలు రాసుకునుడే గద సార్ మా పని. ఆడ ఎవ్వరు నోటికి కాయితం అడ్డం పెట్టుకొని మాట్లాడరు గద."

ఆయన నావైపు చూశాడు. మళ్లీ ఆమెవైపు తిరిగి, "నీ పేరేంటమ్మా?" అన్నాడు.

"మౌనిక సార్."

"సరే మౌనికా, కూర్చో. అందరూ కొట్టేయండి, మొదటి నుంచి చెబుతాను." కాగితం బల్ల మీద పెట్టి, కుర్చీ ఆమెకు కుడివైపుగా జరుపుకున్నాడు.

మౌనికకు ఇరవైకి పదిహేను వచ్చాయి. మిగతా పదిమందికీ అంతకుముందు కంటే మంచి మార్కులే వచ్చాయి. బయట వరండాలో క్లాసంతా ఆమె చుట్టూ చేరారు. "ఇన్నొద్దులు చెప్పకపోతివేందే మౌనికా, నీ ఎనక కూసొని నీతోని ఎన్ని మాటలన్ననో ఏమో" అని ఆమె వెనక బెంచీలో కూర్చునే పిల్ల నెత్తి కొట్టుకుంది. అంతా నవ్వారు. ఈసారి మౌనిక ఎందుకు నవ్వాలో తెలిసే నవ్వింది. నా ఆనందం ఇంతా అంతా కాదు. ఆ సాయంత్రం మా అన్నయ్య దుకాణంలో ఉన్న బాదుషాలన్నీ కట్టించుకుని డిపార్ట్‌మెంట్‌లో పంచాను.

ఆపరేషన్ అయ్యింది, ఎడమ చెవి కొంత తెరుచుకుంది. మౌనిక ఇప్పుడు మా దగ్గరే పరిశోధన చేస్తోంది. మిల్లు ఆడవాళ్లు ఆ చప్పుడులో ఎలా మాట్లాడుకుంటారన్నదే ఆమె విషయం. "నా మాటల పుస్తకం ఎప్పుడొస్తది?" అని లచ్చమ్మ అడగని రోజు లేదట.

ఇక నేను నేర్చుకున్నది. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజే నేనిప్పుడు పాఠం మొదలుపెట్టను. ఎక్కడ కూర్చుంటే నా మాట బాగా అందుతుందో చూసుకుని కూర్చోమంటాను. చెవితో గానీ, కంటితో గానీ ఇబ్బంది ఉన్నవాళ్లు క్లాసులో చెప్పడం ఇష్టం లేకపోతే గదికి వచ్చి చెప్పమంటాను. పోయినేడు ఇద్దరు వచ్చారు. ఈ ఏడు ఒకరు. అంతకుముందు ఇరవై రెండేళ్లలో ఒక్కరూ రాలేదు. వాళ్లు లేక కాదు, నేను అడగక. బీఈడీకి వెళ్లిపోయిన పిల్లల పేర్లు కొన్ని నాకు ఇంకా గుర్తున్నాయి.