తెర వెనక పత్తి వాన

ఒక్క ముక్క కూడా అర్థం కాని భాషలో ఉన్న సినిమా చూసి మీరు ఆఖరుసారి ఎప్పుడు కంటతడి పెట్టుకున్నారు? ఎప్పుడూ లేదా? "భాష రాకుండా చూసి ఏం లాభం?" అని నన్నే ఎదురు ప్రశ్నిస్తారా? అయితే కూర్చోండి. ఏ భాషా చదవడం రాని మా అవ్వ ఒక పరాయి దేశపు సినిమాను ఊరందరికీ ఎట్లా చెప్పిందో చెబుతాను.

నిన్న మధ్యాహ్నం పెరట్లో ఆరవేసిన ముతక దుప్పటి మీదుగా గాలి వీచి, తడి నూలు వాసన గుప్పున ముఖానికి కొట్టింది. ఆ వాసన తగలగానే నేను ఈ కర్నూలు ఇంట్లో లేను. పత్తికొండలో, శివరాత్రి వెళ్ళిన రోజుల్లో, పైరు కోసేసిన నల్లరేగడి చేలో వేసిన డేరాలో, చిన్నత్త ఒడికి ఆనుకుని కూర్చుని ఉన్నాను. ఎదురుగా పెద్ద గుడ్డ తెర. ఆట మొదలయ్యే ముందు ఇద్దరు మనుషులు బిందెలతో నీళ్ళు తెచ్చి దాన్ని పైనుంచి కిందిదాకా తడిపేవాళ్ళు. గుడ్డ తడిస్తేనే బొమ్మ అవతలికి కూడా దిగుతుంది. ఎందుకంటే తెరకు ముందు కూర్చునే జనమే కాదు, వెనక కూర్చునే జనమూ ఉండేవాళ్ళు. వెనక ఎవరు కూర్చునేవాళ్ళని అడుగుతున్నారా? ఇంకెవరు, మేము! ఆడవాళ్ళం. మాకు కొంచెం ఎడంగా, తాడు కట్టి వేరు చేసిన చోట, ఊరి బయటి పేట నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు. ముందు వాళ్ళకు కుడిచేతిలో కనిపించే కత్తి మాకు ఎడమచేతిలో కనిపించేది. ముందు వాళ్ళకు సరిగా కనిపించే అక్షరాలు మాకు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపించేవి. ఈ దేశంలో ఆడదానికీ అంటరానివాడని పక్కన పెట్టిన మనిషికీ లోకాన్ని ఏ వైపు నుంచి చూపించారో చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద ఉపన్యాసం అవసరం లేదు.

కానీ నిజం చెప్పాలి, ఆ వెనకవైపు శానా సరదాగా ఉండేది. మూటల్లో బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, బెల్లం ముక్కలు, పండగకు చేసి మిగిలిన ఓళిగలు, ఉల్లిగడ్డ నంజుకోవడానికి జొన్నరొట్టెలు, చంకన పిల్లలు, నోటినిండా ఆకూవక్కా. ముందువైపు మగవాళ్ళు కండువాలు సర్దుకుని బిగుసుకుని కూర్చుంటే, వెనక మేము కాళ్ళు చాపుకుని, చెనిక్కాయ తొక్కలు రేగడి బీటల్లోకి దోపుతూ, ఏడుపు వస్తే ఏడుస్తూ నవ్వు వస్తే నవ్వుతూ ఉండేవాళ్ళం. డేరా వాకిట్లో వెలిగే గ్యాసు దీపం కంపు, తడి గుడ్డ వాసన, వేడి తగ్గని మట్టి వాసన మూడూ కలిసి వచ్చేవి.

మా అవ్వకు చెవులు సరిగా వినపడవు. వినపడనివాళ్ళు సహజంగా గట్టిగా మాట్లాడతారు. అవ్వ ఇంట్లో ఉప్పు అడిగితే మండీలో ఉన్న మా పెదనాయనకు తెలిసిపోయేది. పెదనాయన అవ్వకు పెద్దకొడుకు, పత్తి వ్యాపారి, ఇంటికి పెద్ద. మంచివాడే కానీ శాస్త్రం అన్న మాట వింటే కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. అవ్వకు ఆఖరు బిడ్డ మా చిన్నత్త. కాపురానికి పోకముందే మొగుడు పోయాడు. ఆ మొగుడి ముఖం కూడా ఆమెకు సరిగా గుర్తులేదు, కానీ ఆ గుర్తులేని మనిషి కోసం తెల్లచీర కట్టుకుని, వంటింటికీ బావి గట్టుకూ మధ్య వయసంతా నడిచింది. పొద్దున్నే వీధివాకిలి దగ్గర కనబడితే మండీకి పోయేవాళ్ళు వెనక్కు తిరిగేవాళ్ళు. ఒక పిల్ల ముఖం చూస్తే పత్తి ధర పడిపోతుందని నమ్మే మనుషులు లెక్కలు ఎట్లా వేసేవాళ్ళో నాకు ఈనాటికీ తెలియదు.

అట్లాంటి చిన్నత్త డేరాకు రావడం అవ్వ పట్టుదల వల్ల జరిగింది. "సీకట్లో దాని మొగం ఎవునికి కనపడుతాదిరా? తెర ఎనక కూసుంటాది, నా పక్కన" అని అవ్వ వాదించింది. పెదనాయన రెండు పూటలు నానబెట్టి, చివరికి ఒక షరతు పెట్టాడు. "సరే పో అమ్మా. కానీ ఆ బొమ్మల్లో ఏమన్నా అసయ్యం కనపడిందా, మళ్ళా మన ఇంటి ఆడోళ్ళు ఆ దిక్కుకు పోయేది లేదు. అది అయితే వాకిలి దాటేదే లేదు." అది అంటే చిన్నత్త. ఆయన అట్లా అంటున్నప్పుడు ఆమె రుబ్బురోలు దగ్గర చేయి ఆపి వింటూ ఉండడం నేను చూశాను.

మాటలు రాని సినిమాలు కదా, కథ చెప్పడానికి శేషప్ప అనే మనిషి చేతికర్రతో తెర పక్కన నిలబడేవాడు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడగానే చదివి, అందులో ఒక వంతు ఉన్నదీ మూడు వంతులు తనదీ కలిపి తెలుగులో దంచేవాడు. ఆ రోజు కూడా ముఖం తుడుచుకుని కర్ర ఎత్తాడు. అక్షరాలు పడ్డాయి. కర్ర అట్లాగే గాల్లో నిలిచిపోయింది.

"ఏమప్పా శేషప్పా, నోట్లో వక్క అడ్డం పడిందా?" అన్నారెవరో.

"ఇది ఇంగిలీసు కాదప్పా! ఒక్క ముక్క గూడా తెల్దు నాకు" అన్నాడు శేషప్ప దీనంగా.

మా వైపు మిషన్ బడి పంతులమ్మ ఒకామె తాడు అవతల కూర్చుని ఉండేది. ఇంగ్లీషు చదివినామె. తిరగబడిన అక్షరాలను మెడ వంచి చూసి, "నిజమే, ఇంగ్లీషు కాదు" అంది. డేరా యజమాని ఖాదర్ సాబు పరుగెత్తుకు వచ్చి దండం పెట్టాడు. "మాఫ్ చేయండప్పా, రైల్లో పెట్టె మారిపోయిండాది. ఏ దేశందో ఏమో నాకూ తెల్దు." ముందు వైపు అరుపులు, ఈలలు. జనం లేచిపోతున్నారు. కానీ మిషను తిప్పే మనిషి తిప్పుతూనే ఉన్నాడు. తెర మీద ఒక ఊరు, ఊరంతా తెల్లగా, పైనుంచి తెల్లటివి ముక్కలు ముక్కలుగా రాలుతున్నాయి.

అప్పుడు తెర వెనక నుంచి మా అవ్వ గొంతు వినబడింది. ఆమె చెబుతున్నది పక్కనున్న చిన్నత్తకే. కానీ విన్నది డేరా మొత్తం.

"సూడమ్మే, పత్తి వాన కురుస్తాండాది! ఇంత పత్తి గాలికి పోతాంటే ఒక్కడన్నా మూట కట్టడే! వాళ్ళ దుంప తెగ!"

లేచినవాళ్ళు నవ్వుతూ కూర్చున్నారు. ఇక అవ్వ ఆగలేదు. ఎవరూ ఆపలేదు. శేషప్ప కర్రను చంకలో పెట్టుకుని తానూ కూర్చుని విన్నాడు. అవ్వ చెప్పిన ప్రకారం ఆ ఊళ్ళో ఒక పడుచు పిల్ల, ఒక కట్టెలు కొట్టే పిల్లోడు. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. పిల్ల తండ్రికి ఇష్టం లేదు. "ఎందుకంటే ఆ పిల్లోని గుడి వేరే, ఈయన గుడి వేరే. సూడు, ఇద్దురూ శిలువకే మొక్కుతారు, అయినా కయ్యమే. మనోళ్ళే అనుకుంటి, ఆడ గూడా ఇదే ఉండాది!" తాడు అవతల పంతులమ్మ పకపకా నవ్వింది. పిల్లోడు ఊరు వదిలి పోయాడు. పోయినవాడు మళ్ళీ తిరిగి వస్తున్నాడు. ఊరికీ వాడికీ మధ్య తెల్లటి మైదానం. అవ్వ దాన్ని ఉప్పు పండించే కయ్య అంది. అంతా ఒప్పుకున్నాం. ఉప్పు కయ్యలో నడిచి వస్తున్నాడు పిల్లోడు, ఈ ఒడ్డున పిల్ల చేతులు ఊపుతోంది, ఉన్నట్టుండి వాడి కాలికింద ఆ తెలుపు ఫెళ్ళున పగిలింది. వాడు గొంతుదాకా మునిగిపోయాడు. చుట్టూ నీళ్ళు.

అవ్వ ముందుకు వంగి, కళ్ళు చికిలించి తెరను చూసింది. డేరా అంతా ఆమె కోసం ఆగింది. తర్వాత ఆమె అన్న మాట నేను ఎన్ని సభల్లో ఎందరు పండితుల నోట వినాలని ఎదురుచూశానో, ఒక్కరి నోటా వినలేదు.

"నేను సెప్పింది తప్పప్పా. అది ఉప్పు కాదు, పత్తి గూడా కాదు. అది ఏరు. సలికి నీళ్ళే రాయి అయినాయి."

తెర ముందువైపు నుంచి పెదనాయన కేక వేశాడు. "నీళ్ళు రాయి అయ్యేదేందమ్మా? యాడన్నా ఉండాదా? ఏ శాస్త్రంలో ఉండాది?"

"శాస్త్రం నువ్వు సదువుకో నాయనా. నేను కండ్లతో సూస్తాండా."

అంతే. హేతువాదం మీద నేను తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, ఎన్ని వాదాల్లో గొంతు చించుకున్నా, అన్నిటికీ మూలం ఆ తడిగుడ్డ వెనక విన్న ఆ మాటే. తాను నమ్మింది కళ్ళ ముందు పగిలితే, పగిలిందని ఊరి ముందు ఒప్పుకోవడం.

కానీ అసలు గండం అప్పుడు వచ్చింది. ఊరివాళ్ళు మోకులు విసిరి పిల్లోణ్ణి ఒడ్డుకు లాగారు. పిల్ల తండ్రి కూడా ఒక మోకు పట్టాడు. పిల్లోడు కళ్ళు తెరవలేదు. పిల్ల మోకాళ్ళ మీద కూలబడి, వాడి తల ఎత్తి పట్టుకుని, అందరూ చూస్తుండగా నోట్లో నోరు పెట్టింది.

పత్తికొండ జనం అట్లాంటిది ఎప్పుడూ చూసి ఎరగరు. బొరుగులు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. చిన్నత్త చేయి నా భుజం మీద బిగుసుకుంది. ముందువైపు కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఆ వెంటనే పెదనాయన గొంతు. "అమ్మా! ఏంది అది?"

"కండ్లు లేవా నీకు?" అంది అవ్వ, ఆలోచన లేకుండా, అంతే గట్టిగా. "సలికి ఊపిరి ఆగిపోయింటే పాప ఊపిరి పోస్తాండాది! సచ్చే పానాన్ని నిలబెడతాంటే ఏందని అడుగుతావే, నువ్వు మనిసివేనా?"

తెర మీద పిల్లోడు కళ్ళు తెరిచాడు. డేరా అంతా చప్పట్లు. పెదనాయన కుర్చీ మళ్ళీ కిర్రుమంది, ఆయన కూర్చున్నాడు. మేము గండం గట్టెక్కామనుకున్నాం. ఎక్కడ! కాసేపటికి ఎండ కాసింది, పూలు పూశాయి, ఏరు పారింది, చర్చి వాకిట్లో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది, అయ్యీ అవగానే పిల్ల మళ్ళీ నోట్లో నోరు పెట్టింది.

ముందు వరుసలోంచి ఒక కొంటె గొంతు లేచింది. "అవ్వా! ఎండ గూడా కాస్తాండాది గదా, ఇంకా సలేనా?"

"పోసిన ఊపిరి ఆడుతాండాదా లేదా సూసుకోవద్దారా, ఎదవా?"

ఆ నవ్వు నేను ఇప్పుడు కూడా వినగలను. ముందు వాళ్ళూ వెనక వాళ్ళూ, తాడుకు ఇవతలా అవతలా, అంతా ఒక్క నవ్వు. అందులో భారీగా, దగ్గుతో కలిసి, ఆగి ఆగి వస్తున్న నవ్వు ఒకటి మా పెదనాయనది. అంతమందిలో కడుపు పట్టుకుని నవ్విన మనిషి ఇంటికి వచ్చి నిషేధం ఎట్లా పెడతాడు? పెట్టలేదు. మర్నాడు మళ్ళీ అదే సినిమా వేస్తే, అవ్వ చెప్పాలని ఖాదర్ సాబే మా ఇంటికి వచ్చి పిలిచాడు. చిన్నత్త ఆ రోజూ వచ్చింది, ఆ తర్వాతా వచ్చింది. తాడు పక్కన కూర్చుని పంతులమ్మతో మాట కలిపింది. ఆ మాటలే పలక దాకా వెళ్ళాయి, పలక బడి దాకా వెళ్ళింది, చివరికి ఆత్మకూరులో ఒక బళ్ళో ఆమే పిల్లలకు అక్షరాలు దిద్దించింది. బడి వాకిట్లో ఆమె ముఖం రోజూ పొద్దున్నే చూసిన ఆ పిల్లలు ఒక్కరూ చెడిపోలేదు.

మేము పిల్లలం మాత్రం ఆ వేసవంతా మండీలో పత్తి కుప్పల మీద దొర్లి, మునిగి, ఊపిరి ఆగినట్టు పడి ఉండే ఆట ఆడాం. ఊపిరి పోసే దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళు కట్టె తీసుకుని తరిమేవాళ్ళు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. డేరా నుంచి ఇంటికి నడిచిన ఆ మొదటి రాత్రి చిన్నత్త మెల్లగా అడిగిన మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. "అమ్మా, అది ఊపిరి పోసేది కాదు గదా?" చెవులు వినపడని అవ్వకు ఆ గొణుగుడు ఎట్లా వినబడిందో! "నాకు తెల్దా? గమ్మున నడువు" అంది.

ఇప్పుడు తడిపిన తెర లేదు, తెర వెనక చోటు లేదు, తాడు లేదు. పోయినందుకు పండగ చేసుకోవలసినవే అవి. కానీ వాటితో పాటు ఇంకొకటి పోయింది. సినిమాకు మాట వచ్చాక మనకు చూపు పోయింది. ఈ కర్నూలులో హాలీవుడ్ సినిమా వస్తే సందు ఉండదు. అందులో వాళ్ళు ముక్కుతో మాట్లాడే ఇంగ్లీషు మనలో ఎందరికి అర్థమవుతోంది? అయినా పోతాం, చప్పట్లు కొడతాం. మనల్ని ఏలినవాడి భాష కనుక అర్థమైనట్టు నటిస్తాం. అదే హాల్లో ఆదివారం పొద్దున ఫ్రెంచి సినిమా వేస్తే బెంచీలు బోసిగా ఉంటాయి. పోయిన ఆదివారం నేను చూశాను. నీళ్ళు లేని ఒక ఊరు బావి తవ్వడానికి పాత పగలన్నీ పక్కన పెట్టడం దాని కథ. చివర్లో నీళ్ళు ఊరినప్పుడు బావిలో దిగిన ముసలాయన పైకి చూసి నవ్వుతాడు. నీళ్ళ కరువు ఎరిగిన పత్తికొండలో పుట్టినదానికి ఆ నవ్వుకు అనువాదం కావాలా? అంతకుముందు రష్యా సినిమా వచ్చింది, మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆడవాళ్ళు పిండిమర నడిపిన కథ. గేటు దగ్గర ప్లీడరు గారొకరు "అర్థం కాదమ్మా" అని వెనక్కు తిరిగారు. లోకమంటే లండనూ అమెరికా మాత్రమే అని ఎవరు చెప్పారు మనకు? ఏలినవాళ్ళు చెప్పారు. ఇంకెన్నాళ్ళు వింటాం?

ఆ మంచు సినిమా ఏ దేశానిదో, ఏ భాషదో నాకు ఇప్పటికీ తెలియదు. మా అవ్వకూ తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు.

కాబట్టి సాకులు కట్టిపెట్టండి. ఈ ఆదివారం పొద్దున హాలుకు రండి. ఇంట్లో అవ్వ ఉంటే అవ్వను, మూల కూర్చోబెట్టిన అత్త ఉంటే ఆ అత్తను వెంట తీసుకురండి. అందరికన్నా ముందు వరుసలో కూర్చోబెట్టండి. సినిమా నడుస్తుండగా ఆమె గట్టిగా మాట్లాడితే గదమకండి. నోరు మూసుకుని వినండి.