ఆదివారం రెండో ఫోను

మొన్న మా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని, "అమ్మమ్మా, డిఫరెన్స్ అంటే తెలుగులో ఏంటి?" అని అడిగింది. తేడా అన్నాను. "అంటే?" అంది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మిగిలేది అని చెప్పాను. లెక్కల మాస్టారు చెప్పిన మాటే అది. కానీ పైకి అన్నాక, ఆ మాటే ఇంకోసారి నాలో నేను అనుకున్నాను.

మా వైపు ఆ మాటను ఎన్నిటికి వాడతారో చెప్పలేను. జ్వరం తగిలితే ఒంట్లో తేడా చేసిందంటారు. పప్పుచారు కాస్త పులిస్తే వాసన తేడాగా ఉందంటారు. నిన్నటిదాకా కలిసి తిరిగినవాళ్ళు మొహాలు తిప్పుకుంటే, ఏవో తేడాలొచ్చాయంటారు. మా అమ్మమ్మకైతే అది గొప్ప చెప్పుకునే మాట. "నా ఇద్దరాడపిల్లల మధ్య నేనెప్పుడూ తేడా చూపించలేదండీ" అని గుండుగొలను చర్చికి కొత్తగా వచ్చిన పాస్టర్లందరికీ చెప్పేది. వాళ్ళు అడిగినా అడక్కపోయినా.

ఆ ఇద్దరిలో పెద్దది మా పెద్దమ్మ, చిన్నది మా అమ్మ. మొహాల్లో పోలిక లేదు గానీ గొంతులు మాత్రం ఒకటే. ఏలూరు నుంచి పెద్దమ్మ ఫోను చేస్తే, పుట్టింటికి వెళ్ళిన మా అమ్మే అనుకుని మా నాన్నగారు, "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టి చచ్చావు?" అని కసిరేవారు. "బీరువా మీద చూడండి మరిదిగారూ" అనేది పెద్దమ్మ. ఎక్కువసార్లు అక్కడే ఉండేది.

సర్కారువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టించిన ఏడాది అక్కచెల్లెళ్ళకి తేడా వచ్చింది. అప్పటికే షుగరు వల్ల అమ్మమ్మ చూపు పోయింది. ఏలూరులో ఆసుపత్రులు దగ్గర, నా దగ్గర ఉంచుకుంటానంది పెద్దమ్మ. తమ్ముడు ఉండగా అదేం మాట, వాడి పరువేం కాను అంది అమ్మ. అమ్మమ్మ గుండుగొలనులో మా మావయ్య దగ్గరే ఉండిపోయింది గానీ, వీళ్ళిద్దరూ ఎండాకాలమంతా మాట్లాడుకోలేదు. వానలు మొదలయ్యాక పెద్దమ్మకి జ్వరమొచ్చింది. చూడ్డానికి వెళ్దామంటే, "ఆదివారం వెళ్దాంలే" అంది అమ్మ. తాడేపల్లిగూడెం నుంచి మేం ఏలూరు చేరేసరికి పెద్దమ్మకి తెల్ల దుప్పటి కప్పేశారు.

అమ్మమ్మది బలహీనమైన గుండె, చెప్పొద్దన్నారు డాక్టరుగారు. సరేనన్నాడు మావయ్య. కానీ పెద్దమ్మ ప్రతి ఆదివారం ఫోను చేసేది కదా, దానికేం చెయ్యాలి? ఆ వారం చర్చి నుంచి వచ్చి అమ్మ ఎప్పటిలాగే వాళ్ళమ్మతో మాట్లాడి పెట్టేసింది. గంటసేపు ఫోను పక్కనే కూర్చుంది. మళ్ళీ అదే నంబరు నొక్కి, "అమ్మా, పెద్దదాన్ని. ఏం కూర?" అంది. వంటింటి గుమ్మంలో నేను కదలకుండా నిలబడిపోయాను. అచ్చం పెద్దమ్మే అడిగినట్టుంది.

అలా ఆదివారానికి రెండు ఫోన్లు. పోనుపోను ఆ రెండో ఫోనుకి ముందు అమ్మ జుట్టు విప్పి, పెద్దమ్మలా ముడి వేసుకునేది. మోకాళ్ళ నొప్పులనేది, అవి పెద్దమ్మ నొప్పులు. ఒకరోజు, "చిన్నది నన్ను చూడ్డానికి రాలేదమ్మా" అంది. అమ్మమ్మ ఫోనులో అరిచి మాట్లాడేది, నాకు గది అవతలికి వినబడేది. "దానికి కోపం తొందర. వస్తుందిలే, తలుపు తీసి ఉంచు" అంది. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు.

క్రిస్మస్‌కి ముందు మొదటి ఫోనులో అమ్మమ్మ, "ఏమే, నీ గొంతులో ఏదో తేడా వచ్చింది. పెద్దదాని గొంతు అలాగే ఉంది గానీ" అంది. అమ్మ నావైపు చూసింది. ఆ చూపుకి నాకు భయమేసింది. మర్నాడే తనని గుండుగొలను తీసుకెళ్ళాను.

అమ్మమ్మ మంచం మీద కూర్చుని అమ్మ మొహమంతా తడిమింది. తల వెనక్కి చెయ్యి పోనిచ్చి, ముడి విప్పేసి, జడ అల్లడం మొదలుపెట్టింది.

"పెద్దదాన్ని ఇంక ఫోను చెయ్యొద్దని చెప్పమ్మా" అంది అల్లుతూనే.

అమ్మ తల తిప్పబోయింది గానీ జడ అమ్మమ్మ చేతిలో ఉంది. "ఎప్పుడు తెలిసిందమ్మా?"

"దాన్ని మట్టిలో పెట్టొచ్చిన రోజే. మీ తమ్ముడు ఏలూరు పనుందని వెళ్ళొచ్చి, వేళకాని వేళ స్నానం చేసి, నా పక్కన పడుకుని ఏడ్చాడు. నేను నిద్రపోతున్నాననుకున్నాడు."

"మరి నాతో అనలేదేం?"

"దాని గొంతు వినబడుతోంది కదే. ఇంకో వారం, ఇంకో వారం అనుకున్నాను. ఈమధ్య నువ్వు వినబడ్డం మానేశావు." అమ్మమ్మ జడ చివర ముడి వేసింది. "ఒకదాన్ని ఉంచుకుందామని ఇంకోదాన్ని పోగొట్టుకోలేను."

అప్పుడు ఏడ్చింది అమ్మ. పెద్దమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

రెండో ఫోను ఆగిపోయింది. అయినా ఆదివారం ఆ వేళకి మా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. ఒకసారి సరిగ్గా అప్పుడే ఫోను మోగితే, అది ఆగేదాకా అమ్మా, నాన్నగారూ, నేనూ అలాగే కూర్చున్నాం. ఎవరు చేశారో తెలియదు. కనుక్కోలేదు కూడా.

ఆ తర్వాత అమ్మకో అలవాటైంది. ఎవరికి ఫోను చేసినా, "నేను, చిన్నదాన్ని" అని చెప్పాకే మాట మొదలుపెట్టేది. అమ్మమ్మ పోయింది. తర్వాత మావయ్యా పోయాడు. అమ్మ తన చివరి రోజుల్లో కరెంటాఫీసుకి చేసినా అదే మాట. అవతలివాళ్ళు "ఎవరండీ?" అనేవారు. తనని చిన్నది అని పిలిచేవాళ్ళంతా వెళ్ళిపోయాక, మనిషి ఒక్కసారిగా ముసలిదైపోతుందని నాకు అప్పుడే తెలిసింది.