ఒక సైజు పెద్దవి

పిల్లలంతా ఆమెను దెయ్యాల అత్తయ్య అనేవారు. ఆమె రాసిన తొమ్మిది పుస్తకాల్లోనూ దెయ్యం ఒక్కటే, పన్నెండేళ్ళ అక్క. చెల్లెలు పుస్తకానికో ఏడు పెరుగుతుంది. అక్క మాత్రం పన్నెండు దగ్గరే ఉండిపోతుంది. పాపం, భయపెట్టడం ఆ దెయ్యానికి చేతకాదు. చెల్లెలికి జడ వేస్తుంది, లెక్కలు తప్పు చెబుతుంది, పైగా తనదే ఒప్పని దెబ్బలాడుతుంది.

ఆ అక్క కల్పన కాదని రచయిత్రికీ, ఆమె తల్లికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ తల్లి పెద్దపిల్ల, రచయిత్రి సొంత అక్క, పన్నెండో ఏట మూడు రోజుల జ్వరానికి పోయింది. తల్లికి చూపు పోయినప్పటి నుంచి, రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక రచయిత్రి తను రాసింది చదివి వినిపించేది. అక్క మాట్లాడే చోటల్లా ఆవిడ "మళ్ళీ చదువు" అనేది. ఆవిడ బతుకంతా ఆ మధ్యాహ్నాల మీదే నడిచేది.

పదో పుస్తకంలో అక్క వెళ్ళిపోవాలి. "చెల్లెలికి పద్దెనిమిది నిండాయి. ఇంకా దెయ్యాన్ని వెంటేసుకు తిరుగుతుందా అండీ?" అన్నాడు పబ్లిషరు. రచయిత్రికీ నిజమేననిపించింది. కానీ అమ్మకు ఎలా చదవడం? పోయిన పిల్లను మళ్ళీ సాగనంపినట్టు కాదూ? గుండె రాయి చేసుకుని రాసేసింది గానీ, చదివే రోజున నోరు రాలేదు. ఆఖరి రెండు కాగితాలూ చేతిలో పట్టుకుని, అక్క ఇంట్లోనే ఉండిపోయినట్టు అప్పటికప్పుడు అల్లి చెప్పేసింది.

తల్లి చెవి ఇటు తిప్పింది.

"కాగితం తిప్పిన చప్పుడు రాలేదేమే?"

రచయిత్రి గబుక్కున ఒక కాగితం తిప్పింది.

"నాకు పోయింది చూపేనే, చెవులు కాదు. రాసింది చదువు."

చదివింది. అక్క ఆఖరిసారి చెల్లెలికి జడ వేసి, రిబ్బను బిగించి, గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

తల్లి ఏడుస్తుందనుకుంది రచయిత్రి. ఆవిడ ఏడవలేదు.

"చెప్పులేసుకుందా?"

"లేదమ్మా. అది రాయలేదు."

"దానికి జ్వరమొచ్చిన వారమే కొన్నానే, ఎర్రవి. పెరిగే పిల్ల కదా, ఏడాదైనా వస్తాయని ఒక సైజు పెద్దవి తీసుకున్నా. వదులుగా ఉన్నాయని ఒక్కరోజూ వేసుకోలేదు." ఆవిడ అరచేతులు ఎడంగా పెట్టి ఆ సైజు చూపించింది. "ఉత్త కాళ్ళతోనే తీసుకుపోయారే దాన్ని."

రచయిత్రి కలం తీసింది. కళ్ళు మసకబారి అక్షరాలు వంకర పోయాయి. రాసి, పైకి చదివింది.

"గుమ్మం దగ్గర అక్క ఎర్ర చెప్పులు వేసుకుంది. అవి తన కాళ్ళకు సరిగ్గా సరిపోయాయి."

"మళ్ళీ చదువు," అంది తల్లి.