పొద్దున గీసిన పాదం

పద్దెనిమిదేళ్ళుగా ఒక జత బూట్లు నన్ను వదలడం లేదు. నావి కావు. నావి ఎప్పుడో అరిగిపోయాయి, వాటి తర్వాత ఇంకో నాలుగైదు జతలు కూడా అరిగాయి. నేను మోస్తున్నవి రూతమ్మ బూట్లు. ఆమె పేరు కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. నా పేరు మాత్రం రాయను. తెలిస్తే నన్ను క్షమించడానికో తిట్టడానికో తయారవుతారు. నాకు రెండూ అక్కర్లేదు. వినండి, చాలు.

ప్రార్థనలో చెప్పుకోవచ్చు కదా అంటారేమో. దేవుడికి ఎలాగూ తెలుసు. తెలిసినవాడికి చెప్పడంలో ధైర్యమేముంది? మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా కట్టని రోజులు. గట్టున ఒక చిన్న మిషను ఆసుపత్రి ఉండేది. ఏ ఊరో అడక్కండి. అక్కడ నర్సు పని నేర్చుకోవడానికి ఇద్దరం చేరాం, నేనూ రూతమ్మా. ఆరు నెలలు చూసి ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటానని డాక్టరు దొరసానిగారు మొదటిరోజే చెప్పేశారు. నర్సు పనంతా కాళ్ళ మీదే, నిలబడలేని పిల్ల నాకొద్దు అని కూడా అన్నారు.

నాది నరసాపురం అవతల సముద్రపు ఒడ్డు. నాన్న వల వేసేవాడు, అమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగేది. మా అక్క కాన్పులో పోయింది. ఆ ఇంటికి నన్నే ఇవ్వాలని పెద్దవాళ్ళు మాట్లాడేసుకున్నారు. బావ చెడ్డవాడేం కాదు. కానీ అక్క ప్రాణం పోయిన మంచం మీదే నేనూ కనాలి కదా? ఆ మంచం నాకొద్దు. ఆసుపత్రిలో ఉంచుకుంటే సరే, తిప్పి పంపితే మాత్రం పెళ్ళేనని అమ్మ తెగేసి చెప్పింది. నా దగ్గరున్నది ఆ ఆరు నెలలే.

రూతమ్మ పెద్దాపురం వైపు పిల్ల, మిషను బడి పంతులుగారి కూతురు. చదువులో నాకంటే ఎంతో ముందుండేది. సీసాల మీద ఇంగ్లీషు అక్షరాలు గడగడా చదివేసేది. అవి నాకు నేర్పింది కూడా తనే. బూట్ల తాళ్ళు ముడి వేసుకోవడం కూడా తనే నేర్పింది. నా ముందు గొంతుక్కూర్చుని, నా కాలు ఒళ్ళో పెట్టుకుని మరీ నేర్పింది. ఇది ఎందుకు చెబుతున్నాను? నన్ను ఇంకాస్త అసహ్యించుకోండని కాదు. జరిగింది కాబట్టి చెబుతున్నాను.

వార్డులో ఉత్త కాళ్ళతో తిరగకూడదు. మద్రాసు నుంచి పడవలో వచ్చిన బూట్లు చెక్కముక్కల్లా ఉండేవి, ఇద్దరికీ మడమలు బొబ్బలెక్కాయి. అలా అయితే కొలత ఇచ్చి కుట్టించుకోమన్నారు దొరసానిగారు. గేటు అవతల వీరన్న తాత చెప్పులు కుట్టేవాడు. ఓ సాయంత్రం పని దిగి వెళ్ళాను. గోధుమరంగు కాగితం నేల మీద పరిచి నన్ను దాని మీద నిలబెట్టి, బొగ్గుముక్కతో పాదం చుట్టూ గీత గీశాడు. పొద్దున్న ఉన్న కాలు సాయంత్రానికి ఉండదమ్మా అన్నాడు. రోజంతా నిలబడ్డ కాలు ఉబ్బుతుంది, పరుచుకుంటుంది. కూర్చుని ఇచ్చిన కొలతకి కుడితే నిలబడ్డప్పుడు కరుస్తుంది. అందుకే పని దిగాక, నిలబెట్టి, బరువంతా వేయించి గీయాలి. రూతమ్మకి ఆ వారం జ్వరాల వార్డు, గేటు దాటడానికి లేదు. అందుకని ఇంకో కాగితమూ బొగ్గుముక్కా నా చేతికిచ్చి, ఆ పిల్లకి నువ్వే గీసుకురా, చెప్పినట్టే గీయి అన్నాడు.

తిరిగి వస్తూ ఏమనుకున్నాను? ఏమీ అనుకోలేదని చెప్పుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. అబద్ధం. ఇసకలో పుట్టిన కాళ్ళు నావి, ఎంతసేపైనా నిలబడగలవు, ఆమె కంటే నాకు ఎక్కువగా ఉన్నది అదొక్కటే, మంచి బూట్లు తొడుక్కుంటే ఆమె కూడా నిలబడుతుంది, ఇక నా దగ్గర ఏం మిగులుతుంది అనుకున్నాను. గేటు నుంచి మా గదికి నూరు అడుగులు కూడా ఉండవు. ఆ కాస్త దూరంలోనే అనుకున్నాను ఇదంతా.

ఆ సాయంత్రం కాగితం పెట్టెలో దాచేశాను. మర్నాడు పొద్దున్నే, రూతమ్మ స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చోగానే తీశాను.

"నిలబడనా అక్కా?" అంది.

"వద్దులే, కూర్చో. కూర్చుంటేనే గీత సరిగ్గా వస్తుంది."

"తాత అలాగే చెప్పాడా?"

"అలాగే చెప్పాడు."

పాదం చల్లగా ఉంది. నా ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో గీశాను. చెయ్యి వణకలేదు. వణికిందని రాస్తే మీకు నచ్చుతుంది కదా? వణకలేదు.

వీరన్న తాత ఆ కాగితం వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. నిలబెట్టే గీశావా అమ్మా అని అడిగాడు. అవును తాతా, చిన్నపాదాలు ఆ పిల్లవి అన్నాను. ఓ వేలెడు వదులు పెడదామా అన్నాడు. వద్దు, గీసినట్టే కుట్టు అన్నాను. ఒకసారి తప్పడం వేరు. వెనక్కి తిరగడానికి దారి చూపించినా తిరగకపోవడం వేరు.

నా జత ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. ముందు వెడల్పు, మడమ దగ్గర పట్టు, అరికాలి గుంట కింద మెత్తటి తోలు. రోజంతా తిరిగినా నాకు కాళ్ళున్నాయన్న సంగతే గుర్తుండేది కాదు. రూతమ్మవి పొద్దున్న బాగానే పట్టేవి. మధ్యాహ్నానికి పెదవి కొరుక్కునేది. రెండు వారాలు ఓర్చుకో, తోలు సాగుతుంది అన్నాను. నమ్మింది. కొత్త బూట్లు కుట్టించాక కూడా సణిగితే దొరసానిగారు ఏమనుకుంటారోనని ఎవరికీ చెప్పలేదు. చిటికెన వేలు పుండు పడింది, చీము పట్టింది, జ్వరం వచ్చింది. చివరికి దొరసానిగారు ఆ వేలు తీసేయాల్సి వచ్చింది. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది నేనే. నా బూట్లలో, హాయిగా.

నెల తర్వాత కాలవ పడవలో ఆమెను ఇంటికి పంపేశారు. రేవు దాకా వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని, "నా కాళ్ళే మంచివి కావక్కా, నువ్వేం బాధపడకు" అంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పడవ కదిలింది.

నన్ను ఉంచుకున్నారు. ఆ తర్వాత నా చేతుల మీదుగా ఎందరో తల్లులు బతికారు. మా అక్క లాంటివాళ్ళు. వాళ్ళని తెచ్చి ఆ వేలి పక్కన పెట్టి సరిపెట్టుకోమంటారా? ఆ బేరం నాకొద్దు. బతికినవాళ్ళు బతికారు, నా తప్పు నా తప్పే. రెండూ నావే. ఆ సాయంత్రం మళ్ళీ వస్తే ఏం చేస్తావు అని అడిగితే, ఆ మంచం మీదికి మాత్రం వెళ్ళనని చెబుతాను. ఇద్దరు ఆడపిల్లల్ని ఒక్క చోటు కోసం నిలబెట్టినవాళ్ళనీ, నన్ను ఆ మంచం వైపు తోసినవాళ్ళనీ కూడా కాస్త అడగండి. అయినా ఆ పాదం పట్టుకున్నది వాళ్ళ చెయ్యి కాదు.

కొత్తగా చేరిన పిల్లలకి ఇప్పుడు నేనే చెబుతాను, సాయంత్రం వెళ్ళండి, నిలబడి కొలత ఇవ్వండి అని. అమ్మగారికి ఎంత శ్రద్ధో అంటారు. వినలేక అక్కణ్ణించి వచ్చేస్తాను. మొన్న ఒక రోగి మాటల్లో తెలిసింది, రూతమ్మ బతికే ఉందట, వాళ్ళ ఊరి బడిలోనే పిల్లలకి చదువు చెబుతోందట. బూట్లు తొడగదట. తన కాళ్ళకి ఏవీ సరిపడవని అందరితో నవ్వుతూ చెబుతుందట.

ఈ కాగితం ఆమె దాకా చేరుతుందో లేదో. మీలో ఎవరికైనా ఎదురుపడితే, నేను క్షమాపణ అడిగానని చెప్పకండి, అడగలేదు. పాదం పొద్దున, కూర్చోబెట్టి గీశారని చెప్పండి. తెలిసే గీశారని చెప్పండి. ఆమె కాళ్ళలో ఏ లోపమూ లేదని, ఎప్పుడూ లేదని చెప్పండి.