నలభై ఏడో నంబరు చీటీ

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. పక్క ఫ్లాట్‌లో ఎవరిదో పాత యూపీఎస్ కీచుకీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా చేయి దానంతటదే కీబోర్డు మీదికి పోతుంది. "ముందు సేవ్ కొట్టు, అటెన్క లెవ్వు" అనే గొంతు వినబడుతుంది. అది రూతమ్మ మేడం గొంతు. ఆ గొంతు వెనకాలే సిగ్గు కూడా వస్తుంది. ఇన్నేళ్లయినా అది కొంచెం కూడా పాతబడలేదు.

పోడు భూములకు పట్టాలిస్తారని అర్జీలు పెట్టుకుంటున్న రోజులవి. భద్రాచలం బస్టాండు వెనక వీధిలో ఓ చిన్న కంప్యూటర్ సెంటర్‌లో నాకు మొదటి ఉద్యోగం. ఖమ్మంలో డిగ్రీ చదివి, ఆరు నెలల ప్రోగ్రామింగ్ కోర్సు చేసి వచ్చాను. ఆ సర్టిఫికెట్టు చూసుకుని నాకు కాలు నేల మీద ఆనేది కాదు. అడవి ఊళ్ల జనం వచ్చి తమ భూమి వివరాలు చెబితే టైపు చేసి, అర్జీ ప్రింటు తీసివ్వడం సెంటర్ పని. ఆ టైపు చేసే మనిషే రూతమ్మ మేడం. యాభై దాటిన మనిషి. పాత టైపు మిషను మీద అలవాటైన వేళ్లు కాబట్టి కీబోర్డును పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా కొట్టేవారు. దుమ్ముగూడెం దగ్గర పుట్టి పెరగడం వల్ల కోయ భాష ఆమెకు ఇంట్లో మాటలాగే వచ్చు. వచ్చినవాళ్లను తూర్పుకు మొహం పెట్టి కూర్చోబెట్టేవారు. "నీ చేను నడిమిట్ల నిలబడ్డవనుకో. ఇగ చెయ్యి చాపి చెప్పు" అనేవారు. వాళ్లు చేతులు చాపి చెబుతుంటే ఆ ఇరుకు గదిలో వాగులు, చెట్లు, గట్లు ఒక్కొక్కటే తమ తమ దిక్కుల్లోకి వచ్చి నిలబడేవి. అదంతా నాకప్పుడు ఉత్త కాలయాపనగా కనిపించింది.

ఆ అర్జీల ప్రోగ్రామ్ నేను రాసిందే. నాలుగు దిక్కుల హద్దులు, ఇద్దరు పెద్దమనుషుల సాక్ష్యం, అన్ని గళ్లూ నిండితేనే సేవ్ అవుతుంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఒప్పుకోదు. ఆ పట్టుదల నా గొప్పతనమనుకునేవాణ్ణి. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే ఊరు కాబట్టి, టైపు చేస్తున్నది రెండు నిమిషాలకోసారి ఓ తాత్కాలిక ఫైల్లోకి ఎక్కేలా పెట్టాను. ఒక్కో దానికి ఒక్కో నంబరు. అవి కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికే తప్ప ఇంకెందుకూ పనికిరావనేది నా లెక్క. మేడం వాటికి వేరే పని కనిపెట్టారు. ఏదో ఒక్క వివరం తక్కువై వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపకుండా, చెప్పినంత వరకు టైపు చేసి, ఆ ఫైలు నంబరూ ఇంకా కావలసిందేమిటో ఓ చీటీ మీద రాసి వాళ్ల చేతిలో పెట్టేవారు. మళ్లీ సంతకు వచ్చినప్పుడు వాళ్లు ఆ చీటీ ఇస్తే ఫైలు తెరిచి మిగతాది నింపేవారు. ఇది నాకు తెలియదు. పక్క టేబుల్ దగ్గరే కూర్చుని కూడా ఆ చీటీలేమిటని ఏనాడూ అడగలేదు.

ముత్తయ్య తాత వచ్చిన రోజు నేను ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగుతున్నాను. ఆయన కోయలోనూ తెలుగులోనూ కలిపి గంటసేపు చెప్పాడు. ఉత్తరం హద్దు నల్లబండ అన్నాడు, ఆ బండకు ఏదో గుర్తు కూడా చెప్పాడు. మేడం చదివి వినిపిస్తే రెండుచోట్ల దిద్దించాడు. చివరికి రెండో సాక్షి పేరు దగ్గర ఆగిపోయాడు.

"పేరు ఎరుకే గదా తాతా, చెప్పరాదు?" అన్నాను విసుగ్గా.

"ఆయన్ను అడగకుండ ఆయన పేరు నేనెట్ల ఇస్త? అడిగి వస్త" అన్నాడు.

మేడం నా వైపు చూసి నవ్వి, చీటీ రాసిచ్చారు. తాత దాన్ని తలగుడ్డ కొసకు ముడేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని ఓనరు సణగడం మొదలుపెట్టాడు. తెరిచి చూస్తే తాత్కాలిక ఫైళ్లు గుట్టలుగా పడి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ వారం దాటిన ఫైళ్లన్నిటినీ దానంతటదే తుడిచేసేలా నాలుగు వరుసలు రాసి పెట్టాను. కంప్యూటర్ చకచకా కదిలింది. ఓనరు వీపు తట్టాడు.

"లోపల ఏమన్న మార్చినవా సురేశూ?" అని అడిగారు మేడం.

"చెత్త తీసేసిన మేడం. ఇగ రోజూ అదే తీసేసుకుంటది."

"ఏం చెత్త?" అన్నారు. జవాబు చెప్పేంత ఓపిక కూడా లేక అప్పటికే లేచి వెళ్లిపోయాను.

మూడు రోజులకు ముత్తయ్య తాత కూతురు కన్నమ్మ వచ్చింది. తాత జ్వరంతో పోయాడట. చీటీ ఇచ్చి రెండో పెద్దమనిషి పేరు చెప్పింది. మేడం నలభై ఏడో నంబరు వెతికారు. మళ్లీ వెతికారు. నేను రాసిన నాలుగు వరుసలు గుర్తొచ్చాయి. ఓనరు వచ్చి, మిషను ముట్టుకున్నది ఎవరని గద్దించాడు. "కరెంటు పోయినప్పుడు పోయిందేమో" అన్నాను. అప్పుడు మేడం నా మొహంలోకి చూశారు. చాలాసేపేం చూడలేదు.

"నేనే ఏదో తప్పు నొక్కినట్టున్న" అన్నారు.

ఓనరు ఆమెను అక్కణ్ణుంచి లేపి, ప్రింట్లకు పిన్నులు కొట్టే పనిలో పెట్టాడు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. నేను కూర్చున్నాను. ఆ వారం మరికొన్ని చీటీలు వచ్చాయి. అవి తెచ్చినవాళ్లంతా అర్జీదారులే, బతికున్నవాళ్లు కాబట్టి మళ్లీ చెప్పుకోగలిగారు.

ఆదివారం మేడం ప్రార్థన మానుకుని నన్ను వెంటబెట్టుకుని దుమ్ముగూడెం బస్సులో కన్నమ్మ ఊరికి బయల్దేరారు. ఆమె ప్రార్థన మానడం నేనెప్పుడూ చూడలేదు. కన్నమ్మ ముందు నడుస్తూ మూడు హద్దులు తడుముకోకుండా చూపించింది. ఉత్తరాన ఆగిపోయింది. అక్కడ నల్లబండలు రెండున్నాయి, ఒకటి దగ్గర, ఒకటి దూరం. రెండిటి మధ్యా బాగా దున్నిన చెలక. సాక్షి పెద్దమనుషులను అడిగితే వాళ్లూ ఏ బండో గట్టిగా చెప్పలేకపోయారు.

"బండకు ఏదో గుర్తు చెప్పిండు. ఎంత గింజుకున్నా యాదికొస్తలేదు" అన్నారు మేడం. నన్నూ అడిగారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, నా చెవినా పడింది. కానీ నేను వినలేదు.

"దగ్గరిదే రాయుండ్రి అమ్మా" అన్నది కన్నమ్మ చివరికి. "అవతలిది రాసినంక రేపు అది మాది కాదని తేలితే నాయిన మాట పోతది."

అలా ఆ రెండు బండల నడిమి చెలక ఆమె అర్జీలోకి ఎక్కలేదు. తిరుగు బస్సులో నేను గోదావరి వైపు చూస్తూ, తుడిచేసింది నేనేనని మేడంకు చెప్పాను.

"ఎరుకే. ఆ రోజే ఎరుక."

"మరి ఓనరుకు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన" అన్నారు. సంచీలోంచి ఆ చీటీ తీసి నా చేతిలో పెట్టారు. "ఇది కన్నమ్మది. ఆమెకు నువ్వే చెప్పి, అప్పుడియ్యి."

నేను ఓనరుకూ చెప్పలేదు, కన్నమ్మకూ చెప్పలేదు. ఆర్నెల్లకు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలకు, ఏదైనా తుడిచే ముందు దాన్ని వాడే మనిషిని అడగమని మరీమరీ చెబుతాను. వాళ్లు నన్ను చాలా జాగ్రత్తపరుడనుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

రూతమ్మ మేడం పోయినప్పుడు భద్రాచలం వెళ్లాను. చర్చి బయట కన్నమ్మ కనిపించింది. నన్ను గుర్తుపట్టి, కళ్లు తుడుచుకుంటూ అన్నది: "మా నాయిన చెప్పిందంత ఎంత ఓపికతోని రాసింది సారూ. పాపం, ఏదో తప్పు నొక్కింది. నేనైతే ఏమనుకోలే."

చీటీ నా జేబులోనే ఉంది. చేయి జేబుదాకా వెళ్లింది కూడా. అవునన్నట్టు తల ఊపి వచ్చేశాను.

మొన్న కరెంటు వచ్చాక పర్సులోంచి ఆ చీటీ తీసి చూశాను. మడతల దగ్గర చిరుగుతోంది. 47 అని పైన, "రెండో పెద్దమనిషి పేరు కావాలె" అని కింద, మేడం చేతిరాత. కన్నమ్మ ఊరివైపు వెళ్లే దుమ్ముగూడెం బస్సులు ఇప్పటికీ నడుస్తున్నాయి.