రూతమ్మ చేను

సొంతానికి సెంటు భూమి లేనివాళ్లకి కోతల పండుగ ఎంత పరీక్షో చోడవరం చర్చిలో రూతమ్మనడగాలి. పాస్టరుగారు పేరు పిలుస్తారు. పిలిచినవాళ్లు తమ చేలో తొలిగా పండినది, కొత్త బియ్యమో బెల్లం దిమ్మో, తెచ్చి ప్రథమఫలంగా బల్ల మీద పెడతారు. మిషను ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే రూతమ్మ మాత్రం వెనక బెంచీలో ఒట్టి చేతులతో కూర్చునేది. ఉండబట్టలేక ఒకసారి వడ్డాది సంతలో గుమ్మడికాయ కొని పట్టుకెళ్లింది. "కొన్న కాయ ప్రథమఫలవేటే?" అని ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది. చచ్చేలోగా తన సొంత పంట ఆ బల్ల మీద పెట్టాలి, అంతే!

భర్త యెహోషువ పోయాక నాలుగు డబ్బులు చేతికొచ్చాయి. వాటికి చీడికాడ వైపు రాళ్ల నేల తప్ప మరేదీ రాదన్నారు. ఆస్పత్రి కాంపౌండరు దాసు మాత్రం మద్రాసు వైపు ఓ నూలుమిల్లులో షేర్లు కొనమన్నాడు.

"ఏటేటా లాభంలో వాటా పంపుతారమ్మా. సగం తిను, సగంతో మళ్లా షేర్లు కొను. మరింక దాని జోలికెల్లకు."

రూతమ్మ కొంది. ఇంతలో కోతల పండుగ రానే వచ్చింది. ఈ మహాతల్లి ఏం చేసిందనుకున్నారు? ఆ షేరు కాగితాలే తీసుకెళ్లి బల్ల మీద పెట్టేసింది! పాస్టరుగారు నవ్వలేదు.

"ఇది చేను రూతమ్మా. చేనే ఇచ్చేస్తే పై యేడు ఏటి తెస్తావు? పంట రానీ" అని తిరిగి చేతిలో పెట్టారు.

సిగ్గుతో తల దించుకుందిగాని, ఆ మాట ఆవిడకి బాగా పట్టింది. తనకీ ఒక చేనుంది! నీళ్లు పెట్టక్కర్లేదు, కలుపు తీయక్కర్లేదు, అడవిపందులకి కాపలా కాయక్కర్లేదు. ఏడాదికోసారి మిల్లు నుంచి డివిడెండు వచ్చేది. మొదట్లో గుప్పెడే, పోనుపోను కాస్త కాస్త పెరిగింది. అందులోంచి తొలి నోటు బల్ల మీద పెట్టి, దర్జాగా వచ్చి కూర్చునేది.

పిల్లల్లేని ఆవిడకి అక్క కొడుకు కృపారావే కొడుకు. ఒకరోజు వాడు పేపరు పట్టుకొచ్చాడు.

"పిన్నీ, నీ షేర్ల ధర పడిపోతంది సూడు. ఉన్నకాడికి అమ్మేసీ. రోలుగుంటలో సెరుకు గానుగకి ఇంజను పెడతాను. నిన్ను నాను సూస్తాను కదా!"

రూతమ్మకి అన్నం సహించలేదు. ధర పడుతోందంటే భయం. కాదంటే వీడు దూరమవుతాడని అంతకన్నా భయం. దాసునడిగితే, "మిల్లు నడస్తంది, వాటా వస్తంది. అమ్మనిదానికి ధరెందుకమ్మా?" అన్నాడు.

చివరికి చెప్పింది. "ఈ యేటి పంటంతా పట్టుకెల్లరా నాయనా. చేను మాత్రం అమ్మను."

"కాయితాలకున్న విలువ నాకు లేదన్నమాట!" అంటూ కృపారావు ఆ డబ్బు ముట్టుకోకుండా విసురుగా వెళ్లిపోయాడు. అప్పుచేసి ఇంజను పెట్టాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. పండుగ పండుగకీ రూతమ్మ వాడికోసం చర్చంతా వెతికేది.

కొన్నేళ్లకి చెరుక్కి ఎర్రకుళ్లు తెగులు పట్టింది. గానుగలు ఆగిపోయాయి. కృపారావు ఇంజను అప్పులవాళ్లు పట్టుకుపోయారు. ఆ యేటి కోతల పండుగకి బల్ల సగం ఖాళీగా ఉంది. పాస్టరుగారు రూతమ్మ పేరు పిలిచారు. లేచి చూస్తే, తను ఒకప్పుడు కూర్చున్న వెనక బెంచీలో కృపారావు ఒట్టి చేతులతో తల దించుకుని ఉన్నాడు. ఆ కూర్చోడం ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదూ? బల్ల దగ్గరికి వెళ్లాల్సిన మనిషి వెనక్కి నడిచి వాడి చెయ్యి పట్టుకుంది.

"లేరా. ఇద్దరం పెడదాం."

"అక్కడ నాదేటుంది పిన్నీ?"

"ఆ రోజు నువ్వు ఒదిలెల్లిపోయిన పంటుందిరా. నాకు తినబుద్ధి కాలేదు. దాన్నీ మళ్లా ఆ షేర్ల చేలోనే నాటేను. అప్పట్నించీ నీకోసం పెరుగుతంది."

కృపారావు భోరుమన్నాడు. పాస్టరుగారు ఈసారి రెండు పేర్లూ కలిపి పిలిచారు.